రోడ్ బైక్ నుంచి రికంబెంట్‌కి మారాలా వద్దా? రెండూ తొక్కేవాడిగా నా జవాబు

మీరు అడిగింది ఇదీ: వయసు 47, ఉండేది అమెరికాలో వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో, వీకెండ్ వస్తే డబ్ల్యూ అండ్ ఓడీ అనే సైకిల్ దారి (ట్రైల్) మీద రోడ్ బైక్‌తో 60, 70 కి.మీ. తొక్కుతారు. ఈ మధ్య గంట దాటితే చాలు చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి, మెడ పట్టేస్తోంది. ట్రైల్ మీద రికంబెంట్లు, అంటే వెనక్కి వాలి పడుకుని తొక్కే సైకిళ్ళు చూసి మనసు అటు లాగుతోంది కానీ ఫ్రెండ్సేమో అవి స్లో, రిటైరైనవాళ్ళు తొక్కేవి అంటున్నారు. పైగా రెండు మూడేళ్ళలో హైదరాబాద్ వెళ్ళిపోయే ఆలోచన ఉంది, అక్కడ పనికొస్తుందా అని కూడా అడిగారు. మా ఇంట్లో ఒక కార్బన్ రోడ్ బైక్, ఒక రెండు చక్రాల రికంబెంట్, మా ఆవిడ తొక్కే మూడు చక్రాల రికంబెంట్ (ట్రైక్) ఉన్నాయి, చాలా ఏళ్ళుగా ఇదే ట్రైల్ మీద మూడూ నడుస్తున్నాయి కాబట్టి కాస్త పొడుగైనా వివరంగానే చెప్తా.

మీ ఫ్రెండ్స్‌తో గొడవ పెట్టుకునే ముందు వాళ్ళు ఏ రికంబెంట్ గురించి అంటున్నారో అడగండి. రికంబెంట్ అంటే ఒక సైకిల్ కాదు, ఒక పెద్ద కుటుంబం. పెడల్స్ ముందు చక్రానికి వెనకాల ఉండే పొడుగాటి లాంగ్ వీల్‌బేస్ వేరు, పెడల్స్ ముందుకి పొడుచుకొచ్చే షార్ట్ వీల్‌బేస్ వేరు. అందులోనే రెండు పెద్ద చక్రాలు వేసి సీటు బాగా వెనక్కి వాల్చిన హై రేసర్, నేలకి ఆనుకున్నట్టుండే లో రేసర్ ఉన్నాయి. ముందు రెండు, వెనక ఒకటి చక్రాలుండే టాడ్‌పోల్ ట్రైక్ ఇంకో రకం, ట్రైల్ మీద మీరు ఎక్కువగా చూసేది అదే. ట్రైక్ మీద హాయిగా కబుర్లు చెప్పుకుంటూ పోతున్నవాళ్ళని చూసి ఇవన్నీ స్లో అనుకోవడం, సిటీ సైకిల్ చూసి రోడ్ బైక్ స్లో అనడం లాంటిదే.

స్పీడ్ సంగతి చూద్దాం. 1933 జులై 7న పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే రైడర్ షార్ల్ మోషే తయారుచేసిన పడక సైకిల్ మీద గంటలో 45.055 కి.మీ. తొక్కేశాడు. అప్పటిదాకా ఉన్నది ఆస్కార్ ఎగ్ 1914లో పెట్టిన 44.247 కి.మీ. రికార్డ్. దాదాపు ఇరవై ఏళ్ళు ఎవరూ కదపలేని రికార్డ్‌ని, పెద్ద స్టార్లలో ఒకడు కూడా కాని మనిషి దాటేసరికి పెద్ద గొడవైంది. చివరికి సైక్లింగ్ సంఘం యూసీఐ 1934లో సైకిల్ ఎలా ఉండాలో కొలతలు రాసి ఈ రకాన్ని రేసుల్లోంచి, రికార్డుల్లోంచి బయటికి పంపేసింది. ఆ రూల్ రేసులకే, రోడ్డు మీద తొక్కకూడదని ఎక్కడా లేదు. కానీ రేసుల్లో కనపడనిది షాపుల్లోకి రాదు, షాపుల్లో లేనిది జనానికి తెలీదు, అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా మీరు కొత్తగా ఏదో చూసినట్టు అడగాల్సి వస్తోంది. నాకైతే ఇది చాలా బాధగా అనిపించే విషయం.

ఇప్పటి నంబర్లు కావాలంటే, మామూలు సైకిల్ మీద గంట రికార్డ్ 2022లో ఫిలిప్పో గన్నా పెట్టింది, 56.792 కి.మీ. చుట్టూ గుడ్డు ఆకారంలో తొడుగు ఉన్న రికంబెంట్ల మీద గంటలో 90 కి.మీ. దాటారు. నెవాడాలోని బ్యాటిల్ మౌంటెన్ దగ్గర 2016లో టాడ్ రైకర్ట్ 144.17 కి.మీ. స్పీడ్ అందుకున్నాడు, అదీ మోటార్ లేకుండా, చదునైన రోడ్డు మీద. అయితే ఆ తొడుగు మీరు కొనే బండికి ఉండదు కాబట్టి ఆ నంబర్లు చూసి ఆర్డర్ పెట్టేయకండి.

మీకు నాకు పనికొచ్చే లెక్క ఇది. చదునుగా ఉన్న చోట 30 కి.మీ. స్పీడ్ దగ్గర మన శక్తిలో ముప్పావు వంతు పైన గాలిని తోయడానికే పోతుంది. గాలికి పెట్టాల్సిన పవర్ స్పీడ్‌తో పాటు మామూలుగా పెరగదు, ఘనంలో పెరుగుతుంది, అంటే 30 నుంచి 33కి వెళ్ళాలంటే గాలి కోసమే 33 శాతం ఎక్కువ తొక్కాలి. రోడ్ బైక్ మీద హుడ్స్ (బ్రేక్ లీవర్ల పైభాగం) పట్టుకుని కూర్చుంటే ఛాతీ, భుజాలు, తల అన్నీ గాలికి ఎదురు. సీటు బాగా వాల్చిన రికంబెంట్ మీద గాలికి కనపడేది పాదాలు, మోకాళ్ళు, వాటి వెనకాలే మిగతా ఒళ్ళంతా. 75 కిలోల మనిషి 150 వాట్లతో తొక్కుతున్నాడనుకుని నేను వేసిన లెక్కలో రోడ్ బైక్‌కి 29 కి.మీ. చిల్లర, హై రేసర్‌కి 32 దాకా వస్తుంది. ట్రైల్ మీద నాకు కనిపించే తేడా కూడా అటూ ఇటూగా అంతే. ఎదురుగాలి రోజైతే తేడా ఇంకా బాగా తెలుస్తుంది, లీస్‌బర్గ్ నుంచి వెనక్కి వచ్చేటప్పుడు ముఖం మీద గాలి కొడుతుంటే రోడ్ బైక్ వాళ్ళు తల దించుకుని పళ్ళు బిగించి తొక్కుతుంటారు, మనం తల ఎత్తి చెట్లు చూసుకుంటూ వాళ్ళ పక్కనుంచి పోతాం.

ట్రైక్‌కి మాత్రం ఈ లాభం రాదు. చాలా టూరింగ్ ట్రైకుల్లో సీటు కాస్త నిటారుగా ఉంటుంది, ముందు రెండు చక్రాలు, వాటిని పట్టే రాడ్లు అన్నీ గాలిలో ఉంటాయి, బరువు 16 నుంచి 20 కిలోలు, రాపిడి మూడు టైర్లది. కాబట్టి రోడ్ బైక్ కన్నా ట్రైక్ స్లో అన్న మాట నిజమే, అందులో దాచేదేం లేదు.

ఇక ఎత్తు ఎక్కడం. ఇక్కడే చాలామంది బరువు వల్ల స్లో అనేసి ఊరుకుంటారు, అది సగమే నిజం. రోడ్ బైక్ 8 కిలోలు, రికంబెంట్ 13 కిలోలు అనుకోండి, మనిషితో కలిపి చూస్తే తేడా 5, 6 శాతం. ఆరు శాతం వాలు మీద 200 వాట్లు పెడితే రోడ్ బైక్ గంటకి 12 కి.మీ. పైన పోతుంది, రికంబెంట్ 12కి కాస్త తక్కువ, లెక్క ప్రకారం అంతే తేడా. మరి రోడ్డు మీద అంతకన్నా ఎక్కువ ఎందుకు వెనకబడతాం అంటే, ఒకటి, లేచి నిలబడి తొక్కలేం. రోడ్ బైక్ మీద వాలు పెరగ్గానే హ్యాండిల్ పట్టుకుని లేచి ఒంటి బరువు మొత్తం పెడల్ మీద వేస్తాం, ఒక నిమిషం అలా తొక్కి మళ్ళీ కూర్చుంటే కండరాలు మారి కాస్త తెరిపి వస్తుంది. పడుకుని తొక్కేటప్పుడు ఆ అవకాశమే లేదు, మొదటి నుంచి చివరి దాకా అవే కండరాలు, అదే పని. రెండు, వాల్చిన సీటులో ఎక్కువసేపు గట్టిగా పవర్ పెట్టడం చాలామందికి కష్టం, అలవాటయ్యాక కూడా కొంత తగ్గే ఉంటుంది. మూడో కారణం, రెండు చక్రాల రికంబెంట్ గంటకి 7, 8 కి.మీ. కిందకి వస్తే బ్యాలెన్స్ తూలడం మొదలవుతుంది, ఆ తూగుని సరిచేయడానికే కొంత శక్తి పోతుంది.

మన ట్రైల్ మీద ఇది చూడాలంటే లీస్‌బర్గ్ దాటాక క్లార్క్స్ గ్యాప్ దాకా ఉన్న ఎక్కుడు తొక్కితే చాలు. 1968లో ఆగిపోయిన రైలు లైను మీద వేసిన దారి కాబట్టి వాలు ఎక్కడా నిలువుగా ఉండదు, కానీ మధ్యలో ఊపిరి తీసుకోనివ్వకుండా సాగుతుంది. అక్కడ నేను రికంబెంట్ మీదున్నప్పుడు రోడ్ బైక్ గ్రూపులు మెల్లిగా నన్ను దాటిపోతాయి, గేర్ దించేసి పెడల్స్ నిమిషానికి 85, 90 సార్లు గిరగిరా తిప్పుకుంటూ నా పాటికి నేను పోతా, పైన రాతి వంతెన కింద నుంచి దాటి తిరిగి వచ్చేటప్పుడు అదే గ్రూపుని పల్లంలో పెడల్ తిప్పకుండానే అందుకుంటా. ఇలాంటి వాలుకి రికంబెంట్ బాగానే సరిపోతుంది. అదే స్కైలైన్ డ్రైవ్ లాంటి కొండ రోడ్డనుకోండి, ఫ్రంట్ రాయల్ నుంచి మొదలుపెడితే 105 మైళ్ళూ ఎక్కడం దిగడమే, అక్కడికి నేను రోడ్ బైక్‌తోనే పోతా, ఇంకో ఆలోచన లేదు. కాబట్టి మీరు చూసుకోవాల్సింది మీ దారి. మీ రైడ్లలో తొంభై శాతం ఈ ట్రైల్ మీదే అంటే స్పీడ్ విషయంలో మీరు నష్టపోయేది ఏమీ లేదు.

ఇప్పుడు మీ అసలు సమస్య, వేళ్ళు. చిటికెన వేలు, ఉంగరం వేలు రెండే తిమ్మిరెక్కుతున్నాయంటే అల్నార్ నరం అరచేతి మడమ దగ్గర నొక్కుకుంటోందని అనుమానం, సైక్లిస్టుల్లో ఇది మామూలే. రోడ్ బైక్ మీద ముందుకి వంగినప్పుడు పైభాగం బరువులో కొంత చేతుల మీదే ఉంటుంది, రోడ్డు అదురు కూడా అక్కడికే వస్తుంది, మెడ వెనక్కి ఎత్తి చూడాలి కాబట్టి మెడ పట్టేస్తుంది. రికంబెంట్‌లో చేతుల మీద బరువు సున్నా, చేతులు హ్యాండిల్ మీద ఊరికే ఆనించి ఉంచుతాం అంతే. మెడ మామూలుగా కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుంది, బాగా వాల్చిన సీటు అయితే హెడ్‌రెస్ట్ పెట్టుకోవాలి. సాడిల్ మీద తొడల మధ్య తిమ్మిరి బాధ కూడా పూర్తిగా పోతుంది, దీని గురించి మగాళ్ళు బయటికి మాట్లాడరు కానీ చాలామంది మారడానికి అసలు కారణం అదే.

కానీ నొప్పులన్నీ మాయమైపోతాయని చెప్పను. వేరే చోట్ల కొత్తవి వస్తాయి. పాదాలు గుండెకి సమానంగానో ఇంకా పైనో ఉంటాయి కాబట్టి గంటన్నర దాటాక కాలి వేళ్ళు మొద్దుబారడం, అరికాలు మండటం కొందరికి ఉంటుంది, షూ ఒక సైజు పెద్దది తీసుకుని క్లీట్ (షూ కింద పెడల్‌కి బిగుసుకునే ముక్క) బాగా వెనక్కి జరిపితే చాలావరకు తగ్గుతుంది. పిరుదుల కండరాలు నొక్కుకుని నొప్పి రావచ్చు, దానికి సీటు వాలు మార్చి చూడాలి. అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది మోకాళ్ళ విషయంలో. రోడ్ బైక్ మీద మీరు పెడల్‌ని ఒంటి బరువు కన్నా ఎక్కువ తొయ్యాలంటే పైకి లేచిపోతారు, ఇక్కడ వీపు వెనకాల సీటు అడ్డు ఉంది కాబట్టి ఎంత బలమైనా పెట్టగలరు, పెద్ద గేర్‌లో గట్టిగా తోస్తూ పోతే నెల తిరక్కుండా మోకాలు పట్టేస్తుంది. చిన్న గేర్, ఎక్కువ తిప్పుడు, ఈ అలవాటు మొదటి రోజు నుంచీ చేసుకోండి.

బూమ్ (పెడల్స్ బిగించి ఉండే ముందు గొట్టం) పొడవు కూడా మోకాలికి సంబంధించిందే, సరిగ్గా పెట్టుకోవాలి. షూ వేసుకుని సీటులో వీపు పూర్తిగా ఆనించి కూర్చుని, పెడల్ బాగా దూరంగా ఉన్నప్పుడు మడమ పెట్టి చూడండి, కాలు నిటారుగా వచ్చి నడుము పక్కకి జరగకుండా ఉండాలి. క్లీట్ పెట్టాక మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అదే సరైన కొలత. కొత్తలో ఐదు మిల్లీమీటర్ల తేడా కూడా తెలుస్తుంది, అలెన్ కీ జేబులో పెట్టుకుని దారిలో ఆగి సరిచేసుకోవాల్సిందే. బూమ్ మార్చినప్పుడల్లా చైన్ పొడవు కూడా చూడాలి. మామూలు చైన్లు రెండున్నర, మూడు కలిపితే గానీ దీనికి సరిపోవు, మధ్యలో ఐడ్లర్ అని ఒక చిన్న పుల్లీ మీదుగా పోతుంది, అది అరిగితే గరగరమని శబ్దం మొదలవుతుంది. శుభ్రం చేసే పని కూడా మూడింతలు.

ఇంకో మాట, కాళ్ళు మారడానికి టైమ్ పడుతుంది. రోడ్ బైక్ మీద మీరు ఎంత ఫిట్‌గా ఉన్నా, రికంబెంట్ ఎక్కిన మొదటి వారాల్లో కొత్త కండరాలు పని చేస్తాయి, స్పీడ్ తక్కువ చూపిస్తుంది. వెయ్యి కి.మీ. దాకా స్పీడ్ గురించి పోల్చుకోకండి. షాపులో పది నిమిషాలు తొక్కి ఇది స్లో అని వచ్చేసినవాళ్ళ మాట అసలు లెక్కలోకి తీసుకోవద్దు.

రెండు చక్రాలదాన్ని నేర్చుకోవడం కూడా ఒక పనే. సైకిల్ వచ్చినవాడికి కూడా మొదటి రోజు అది తిన్నగా పోదు, ఎందుకంటే ఒళ్ళు అటూ ఇటూ ఊపి బ్యాలెన్స్ చేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో చిన్న గేర్ వేసుకుని, ఒక కాలు పెడల్ మీద పైకి పెట్టి, వీపు సీటుకి ఆనించి, భుజాలు వదులు చేసి, ఒక్క తోపు తోసి వెంటనే రెండో కాలు ఎత్తేయాలి. హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే పాములా మెలికలు తిరుగుతుంది. ఎక్కుడులో ఆగి మళ్ళీ బయల్దేరడం చివరగా వచ్చే విద్య. డబ్ల్యూ అండ్ ఓడీలో రోడ్డు క్రాసింగులు చాలా ఉన్నాయి, ప్రతిచోటా ఆగాలి, కాబట్టి స్టార్టింగ్ బాగా ప్రాక్టీస్ చేశాకే ట్రైల్ ఎక్కండి.

ట్రైక్‌కి ఈ బాధ లేదు, కూర్చుని తొక్కడమే, నిలువు ఎక్కుడులో గంటకి 4 కి.మీ. స్పీడ్‌లో పోయినా పడిపోదు. మీ ఆవిడ కూడా వస్తానంటే ఆవిడకి ట్రైక్ చూడండి, మా ఇంట్లో సైకిలంటే భయమనే మనిషి ట్రైక్ వచ్చాక ప్రతి ఆదివారం నాకన్నా ముందు రెడీ అవుతోంది. ఒక్క హెచ్చరిక: ట్రైక్ మీద క్లిప్ పెడల్సో, మడమ పట్టే స్ట్రాపులో తప్పనిసరి. మామూలు పెడల్ మీద పాదం జారి నేలకి తగిలితే బండి ముందుకి పోతూ కాలుని కిందకి లాగేస్తుంది, ఎముక విరిగే ప్రమాదం. ఇందులో రాజీ వద్దు.

గ్రూప్ రైడ్ల సంగతికొస్తే, మీ రోడ్ బైక్ గ్యాంగ్‌తో కలిసి పోవడం కొంచెం ఇబ్బందే. మీ వెనకాల వచ్చేవాడికి గాలి అడ్డు పెద్దగా దొరకదు, పల్లంలో మీరు వాళ్ళ మీదకి వెళ్ళిపోతారు, ఎక్కుడులో వెనకబడతారు, అందరికీ లయ చెడుతుంది. బ్రెవేలు, అంటే టైమ్ లిమిట్ లోపు ఎక్కువ దూరం తొక్కే రైడ్లు మాత్రం వేరే లోకం, ఆ రూల్స్ ప్రకారం మనిషి బలంతో నడిచేది ఏదైనా సరే. 1200 కి.మీ.ల పారిస్ బ్రెస్ట్ పారిస్‌లో రికంబెంట్లకి విడిగా స్టార్ట్ ఉంటుంది. మన దేశంలో జరిగే 200 కి.మీ. బ్రెవే టైమ్ లిమిట్ పదమూడున్నర గంటలు, చేతులు మెడ బాగుంటే ఆ టైమ్ చాలా ఎక్కువ.

హైదరాబాద్ విషయం నిజాయితీగా చెప్తా. ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు కింద వేసిన 23 కి.మీ. ట్రాక్ రికంబెంట్‌కి భలే సరిపోతుంది, చదును, ట్రాఫిక్ లేదు, నీడ. అక్కడికి కారులో తీసుకెళ్ళి తొక్కేట్టయితే బాగుంటుంది. ఊళ్ళో రోడ్ల మీద మాత్రం నేను తొక్కను, మిమ్మల్నీ తొక్కమనను. రోడ్ బైక్ మీద గుంత కనపడగానే సాడిల్ మీంచి కాస్త లేచి మోకాళ్ళతో దెబ్బ ఆపుకుంటాం, రికంబెంట్‌లో ప్రతి గుంత, ప్రతి స్పీడ్ బ్రేకర్ నేరుగా నడుముకి, వెన్నుకి తగులుతుంది, సస్పెన్షన్ ఉన్న మోడల్ అయినా కొంతవరకే. ట్రైక్ అయితే మూడు చక్రాల దారులు కాబట్టి గుంత తప్పించడం ఇంకా కష్టం, మీ తల బస్సు చక్రం ఎత్తులో ఉంటుంది, పక్కనుంచి కోసుకుంటూ వచ్చే ఆటోవాడికి జెండా పెట్టుకున్నా కనపడతారన్న నమ్మకం లేదు. ఇక్కడ అమెరికాలో వింత బండి అని కార్లవాళ్ళు ఎక్కువ దూరం జరిగి పోతారు, ఆ లెక్క అక్కడ వేసుకోకండి. ఎక్కడ తొక్కినా అద్దం మాత్రం ఉండాల్సిందే, వెనక్కి తల తిప్పి చూడటం ఇందులో కుదరదు. స్పేర్ పార్టుల్లో 20 అంగుళాల టైర్లు, ట్యూబులు, చైన్లు దొరికించుకోవచ్చు కానీ ఐడ్లర్లు, సీటు మెష్ లాంటివి ఇక్కడి నుంచే రెండేసి పట్టుకుపోవాలి.

డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక పని చేయండి. ఇప్పుడున్న రోడ్ బైక్‌కి మంచి ఫిటర్ దగ్గర ఫిట్ చేయించుకోండి, స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే ముక్క) కాస్త పొట్టిది, హ్యాండిల్ కాస్త ఎత్తు, 25 మి.మీ. టైర్లుంటే ఫ్రేమ్‌లో పట్టినంత వెడల్పు టైర్లు, తక్కువ గాలి. చాలామందికి దీంతోనే వేళ్ళ తిమ్మిరి పోతుంది. సైకిల్ దిగాక కూడా తిమ్మిరి ఉంటున్నా, పట్టు తగ్గినట్టు అనిపించినా ముందు డాక్టర్‌కి చూపించండి, అది సైకిల్ మార్చి ఊరుకునే విషయం కాదు. ఫిట్ చేయించి రెండు నెలలు తొక్కినా అలాగే ఉంటే అప్పుడు రికంబెంట్ కొనండి, కానీ రోడ్ బైక్ అమ్మేయకండి, కొండలకి కావాలి.

కొత్తవి ఖరీదు ఎక్కువ, మంచి ట్రైక్ కానీ హై రేసర్ కానీ మూడు వేల డాలర్ల పైమాటే అనుకోండి. కానీ సెకండ్ హ్యాండ్‌లో పెద్దవాళ్ళు జాగ్రత్తగా వాడినవి సగం ధరకి తరచుగా వస్తుంటాయి. చూడ్డానికి వెళ్ళినప్పుడు ఐడ్లర్ పళ్ళు, బూమ్ బిగించే చోట పగుళ్ళు, సీటు పట్టే బోల్టులు చూసుకోండి, ట్రైక్ అయితే ముందు టైర్ల అరుగుదల రెండువైపులా ఒకేలా ఉందో లేదో చూడండి, ఒకవైపే అరిగితే అలైన్‌మెంట్ పోయినట్టు. మీ ఇన్‌సీమ్ (కాలి లోపలివైపు పొడవు) కొలుచుకుని వెళ్ళండి, మన ఎత్తుకి కొన్ని హై రేసర్ల సీటు మరీ పైన ఉండి ఆగినప్పుడు కాళ్ళు నేలకి పూర్తిగా ఆనవు, అలాంటిది ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి.